పాతరలో రెండు గీతలు

డోన్ నుంచి కర్నూలు పోయే రైలు దారికి కొంచెం లోపలగా కొండ్రాయిపల్లె అనే ఊరుంది. ఆ ఊళ్ళోకి పోయి ఓబులేసు గురించి అడిగితే భౌతికశాస్త్రం మాట ఎవరూ ఎత్తరు. "పాతర సారా? మా నరసింహ తమ్ముడు" అంటారు. మద్రాసులో మహా మహా పండితుల నడుమ నిలబడి బంగారు పతకం అందుకొన్న మనిషికి ఇంతకన్నా మంచి పేరు దొరకలేదా అని కొత్తవాళ్ళు నొచ్చుకుంటారు. ఓబులేసు మాత్రం నొచ్చుకోడు. ఆ పతకం మీద ఏమని చెక్కారో అడిగితే తడుముకొంటాడు గానీ, వీధిలో "పాతర సారూ" అని పిలిస్తే టక్కున వెనక్కి తిరుగుతాడు.

పాతర అంటే ధాన్యం దాచుకొనే గొయ్యి. ఇంటి ముందర భూమిలోకి ఇద్దరు మనుషుల లోతున తవ్వుతారు. నోరు ఇరుకు, కడుపు వెడల్పు. చుట్టూ రాయి కట్టి, అడుగున జొన్నసొప్ప పరిచి, నిండా జొన్నలు పోసి, నోటికి బండ మూసి మట్టి మెత్తేస్తే ఏళ్ళ తరబడి పురుగు ముట్టదు. ఎండాకాలం పైన కాకులు సొమ్మసిల్లి పడుతున్నా పాతర అడుగు మాత్రం చల్లగానే ఉంటుంది. ఈ సంగతి రాయలసీమలో పిల్లాజెల్లా అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని ఎవరు మాత్రం పట్టించుకొంటారు?

ఓబులేసుకు ఊహ తెలిసేసరికే తల్లీ తండ్రీ లేరు. పన్నెండేళ్ళు పెద్దవాడైన నరసింహ, అప్పుడే కాపురానికి వచ్చిన వదిన తిరుపతమ్మ, వాళ్ళిద్దరే అతనికి ఇల్లూ వాకిలీ. తమ్ముణ్ణి సేద్యగాణ్ణి చేయాలని నరసింహ మొదట గట్టిగానే ప్రయత్నించాడు. కంకి మీదున్న జొన్న చేనికి కాపలా పెట్టి, చేతికి వడిసెల ఇచ్చి మంచె ఎక్కించాడు. వాడు మంచె మీద కూర్చొని, ఎక్కడినుంచో ఏరుకొచ్చిన పగిలిన గాజుముక్కను ఎండకు పట్టి, అరచేతిలో పడే రంగులు చూసుకొంటూ ఉండిపోయాడు. ఆ పూట ఊరి చిలుకలన్నీ నరసింహ చేనిలోనే విందు చేసుకొన్నాయి.

నరసింహ వచ్చి చేను చూశాడు, తమ్ముణ్ణి చూశాడు. కొడదామని చెయ్యి ఎత్తి, మళ్ళీ దించేశాడు.

"వీడు సేద్యానికి పనికిరాడు" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో. "సదివిస్తాం. చేనన్నా పిట్టల పాలు గాకుండా ఉంటాది."

అట్లా చిలుకల పుణ్యమా అని ఓబులేసు చదువుకొన్నాడు. డోన్‌లో బడి, కర్నూలులో పైబడి, అనంతపురంలో కాలేజీ, ఆ తర్వాత మద్రాసు. వాన సగం ఏళ్ళు మొగం చాటేసే ఊళ్ళో అన్న ఎట్లా చదివించాడో అతను అడగలేదు, అన్న చెప్పలేదు.

మద్రాసులో ఒక ప్రొఫెసరు దగ్గర అతని చిన్ననాటి గాజుముక్కకు అర్థం దొరికింది. ఏ లోహాన్నయినా బాగా వేడెక్కించి, అందులోంచి వచ్చే వెలుగును పట్టకంలోంచి పంపితే, ఫోటో పలక మీద సన్నని గీతలు పడతాయి. ఇనుముకు ఇనుము గీతలు, రాగికి రాగి గీతలు. ఒకదాని గీతలు ఇంకొకదానికి రావు. పరమాణువు తన ఊరూ పేరూ తానే చెప్పుకోవడం అన్నమాట. ఆ గీతలు చూసినప్పటి నుంచీ ఓబులేసుకు మరో ధ్యాస లేదు. చదువు ముగిశాక ప్రొఫెసరు అక్కడే ఉండమన్నాడు. ఇతను మాత్రం కర్నూలు కాలేజీలో ఖాళీ ఉందని తెలిసి పెట్టే బేడా సర్దుకొని వచ్చేశాడు. ఎందుకయ్యా అంటే, సముద్రం గాలికి తనకు ఆకలి కాలేదన్నాడు. అది సగం నిజం. మిగతా సగం, వదిన చేసే జొన్నరొట్టె.

కడప వైపు అమ్మాయి నాగలక్ష్మమ్మను పెళ్ళి చేసుకొన్నాడు. ఆమె నెమ్మదస్తురాలు. పెళ్ళైన కొత్తలో మొగుడు దీపం వైపు అద్దాలు పెట్టి గంటలు గంటలు చూస్తుంటే, కళ్ళకు ఏమన్నా జబ్బేమోనని భయపడింది. తర్వాత అలవాటు పడింది.

కాలేజీలో అతను పట్టుకొన్న పని ఒకటే. ఒక అరుదైన లోహం ఉంది. దాని పేరు చెప్పినా కొండ్రాయిపల్లెలో ఎవరికీ నోరు తిరగదు, కనుక వదిలేద్దాం. ఆ లోహం ఇచ్చే గీతల్లో ఒక ఊదా గీతను లోకంలోని పట్టికలన్నీ ఒంటి గీత అనే రాశాయి. అది ఒకటి కాదు, ఒకదానికొకటి ఆనుకొని ఉన్న రెండు గీతలని ఓబులేసు లెక్కల్లో తేలింది. పరమాణువు నడుమ ఉన్న కేంద్రకం బొంగరంలా తిరుగుతుంటుంది గనుక ఆ గీత చీలి తీరాలి. చీలికను కొలిస్తే ఆ బొంగరం సంగతి తెలుస్తుంది. ఎవరికీ కనపడని దాన్ని ఒక గీత సందులోంచి పట్టుకోవడం! ఆ ఆలోచనకే అతనికి ఒళ్ళు పులకరించేది.

పరికరం తనే కూర్చుకొన్నాడు. ప్రొఫెసరు ఇచ్చిన వెండిపూత గాజుబిళ్ళలు రెండు, ఒక పట్టకం, కర్నూలు వడ్రంగి దాసన్న చేసిన చెక్క కెమెరా పెట్టె. అన్నీ కుదిరాయి. కుదరనిది కర్నూలు ఎండ ఒక్కటే. గీత పలక మీద పడడానికి గంటల సేపు పడుతుంది. ఆ గంటల్లో గది వేడి పెరుగుతుంది, ఇత్తడి సాగుతుంది, బిళ్ళల నడుమ సందు వెంట్రుకలో వెయ్యోవంతు మారుతుంది. అంతే, గీత కాస్తా చెరిగిన కాటుకలా అలుక్కుపోతుంది. పలకను కడగబోతే దాని మీది జిలటిన్ పూత వేడికి కరిగి వేళ్ళకు అంటుకొనేది. రెండు ఎండాకాలాలు అతను చెరిగిన కాటుకలే తీశాడు. చలికాలంలో తీద్దామంటే పాఠాలు, పరీక్షలు. ఢిల్లీ, బొంబాయిల్లో గదులకు చల్లదనం పుట్టించే యంత్రాలుంటాయట. కర్నూలులో కుండనీళ్ళు చల్లగా ఉంటే అదే గొప్ప.

అలా ఉండగా పందొమ్మిది వందల యాభై రెండు వేసవి వచ్చింది. సీమలో వరసగా వానలు తప్పిన కాలమది. ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టారు. సెలవులకు నాగలక్ష్మమ్మతో కలిసి ఊరికొచ్చిన ఓబులేసుకు ఇంటి ముందర పాతర నోరు తెరుచుకొని కనిపించింది. ఆ ఇంటి పాతర తెరిచి ఉండడం అతను ఎన్నడూ చూడలేదు.

తిరుపతమ్మ చేట పట్టుకొని వచ్చింది. "నాయనా, నువ్వు సన్నగుండావు. దిగి ఆ రాళ్ళ సందుల్లో రోన్ని గింజలుంటాయేమో ఊడ్చుకొని రా పో. మీ అన్నకు చెప్తే అగ్గి మాదిరి ల్యాస్తాడు."

ఊడ్చుకొనే గతి వచ్చిందని నరసింహకు తెలియకూడదు, అదీ ఆమె బాధ. ఓబులేసు ముందు లాంతరు తాడుకు కట్టి దించాడు. పాతర అడుగున చెడ్డ గాలి నిలిచి ఉండొచ్చు; లాంతరు ఆరిపోతే మనిషి దిగకూడదు. లాంతరు ఆరలేదు. నిచ్చెన వేసుకొని దిగాడు. గింజలు ఊడ్చాడు. చేటలో సగం కూడా రాలేదు. పైన ముగ్గురికి గంజి, తను నెలనెలా జీతం తీసుకొనే సారు. ఆ బాధలో అక్కడే గోడకు ఆనుకొని కూర్చుండిపోయాడు. కాసేపటికి ఒంటి మీద చెమట ఆరింది. ఇంకాసేపటికి చలి వేసినంత పని అయ్యింది. బయట మిట్టమధ్యాహ్నం. లోపల చల్లదనం, చీకటి, కదలిక లేని నేల.

"ఏమి నాయనా, ఊపిరాడతాందా?" పైనుంచి తిరుపతమ్మ కేకేసింది.

"వదినా, ఈ పాతర నాకిస్తావా?"

"కాళీ పాతర నెత్తిన పెట్టుకొంటావా? పైకి రా!"

విషయం విని నరసింహ చాలాసేపు మీసం దువ్వుకొన్నాడు. "జొన్నలు పోసే దాంట్లో దీపాలు పెడతాడంట" అన్నాడు భార్యతో. వారం తిరిగేసరికి మాత్రం బండి కట్టి తమ్ముడితో పాటు రైలు స్టేషనుకు పోయి, కర్నూలు నుంచి వచ్చిన పెట్టెలు తనే ఎత్తించాడు. బేతంచెర్ల నుంచి లారీ డ్రైవరు ఉరుకుందు ఒక దళసరి బండ తెచ్చిచ్చాడు. పరికరం అదరకుండా దాన్ని పాతర అడుగున పరిచారు. ఊళ్ళో కరెంటు లేదు గనుక ఉరుకుందు పాత లారీ బ్యాటరీలు కూడా ఇచ్చాడు. అవి డోన్‌లో చార్జి చేయించి తేవాలి. నరసింహ బక్కచిక్కిన ఎద్దులతోనే ఆ పని చేసేవాడు. లోపల మనిషికి గాలి ఆడాలి కదా, కమ్మరి కొలిమిలోంచి తోలుతిత్తి తెచ్చి పాతర నోటి దగ్గర పెట్టాడు. దాన్ని ఊదే పని తిరుపతమ్మా నాగలక్ష్మమ్మా వంతులు వేసుకొన్నారు.

ఊరు ఊరుకొంటుందా? పక్కింటి హనుమన్న పాతరలో లంకెబిందెలు దొరికాయని, సారు అంజనం వేసి చూస్తున్నాడని నాలుగూళ్ళకు చాటాడు. దారిన పోయేవాళ్ళు పాతర నోటి దగ్గర వంగి, "ఎంతవరకు వచ్చిందప్పా?" అని గుసగుసగా అడిగేవాళ్ళు. "ఊదా రంగు దాకా వచ్చింది" అని లోపలినుంచి జవాబొచ్చేది. వాళ్ళు తల పంకించి పోయేవాళ్ళు.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఓబులేసు ఆరిన పలక పట్టుకొని నిచ్చెనెక్కాడు. గుంజకు ఆనుకొని కూర్చొన్న అన్న చేతికి భూతద్దం ఇచ్చాడు.

"చూడు న్నా. ఏం అగుపడతాంది?"

నరసింహ ఒక కన్ను మూసి చూశాడు. "రెండు గీతలుండాయి. ఒగటి లావు, ఒగటి సన్నం."

"రెండేనా? బాగా చూడు."

"రెండు గాకుంటే పది ఉంటాయా? అన్నదమ్ముల మాదిరి ఆనుకోని ఉండాయి." భూతద్దం దించి, "ఇదేనా నువ్వు ఇన్నేండ్లు ఎతికింది?" అన్నాడు.

"ఇదే."

"అయితే దొరికింది గదప్పా" అని, ఎప్పుడూ నవ్వని నరసింహ నవ్వాడు. ఇంట్లో పండగకు పిండి లేదు గానీ పండగ మాత్రం జరిగింది.

ఓబులేసు తను కనుక్కొన్నది రాసి విదేశాల్లోని ఒక పత్రికకు పంపాడు. వాళ్ళు కాదనలేదు, ఔననలేదు. రెండో గీత పరికరం చేసే మాయ కూడా కావచ్చు. గాజుబిళ్ళల నడుమ సందు మార్చి మార్చి మళ్ళీ పలకలు తీయండి, అన్నింటిలోనూ చీలిక ఒకేలా ఉంటే అచ్చు వేస్తామన్నారు. ఇంకొక దేశంలో కూడా ఇదే లోహం మీద పని జరుగుతోందని, ఆలస్యం చేయవద్దని కూడా మర్యాదగా చెప్పారు. న్యాయమైన మాటే. అయితే అప్పటికే సెలవులు అయిపోయాయి. మరుసటి వేసవి దాకా ఓబులేసు పాఠాలు చెప్పుకొంటూ పళ్ళు కొరుక్కొంటూ గడిపాడు.

ఆ ఏడూ వాన పడలేదు. యాభై మూడు వేసవికి పాతర మళ్ళీ ఖాళీ. ఓబులేసు ఈసారి కాలేజీకి సెలవు పెట్టి, ఉగాది కాగానే దిగి, మే నెల నడిమికి కావలసిన పలకలన్నీ తీశాడు. కడిగిన పలకలను పైకి తెస్తే ఎండకు పూత కరుగుతుంది గనుక పాతరలోనే బండ మీద ఆరబెట్టి అక్కడే ఉంచాడు. ఒక రోజు తెల్లవారి దిగి చూస్తే బండ మీద ఉత్త గాజు. గీతల్లేవు, పూత లేదు. అంచుల్లో చిన్న చిన్న పంటి గాట్లు.

పాతర మూలన సొప్ప కింద ఒక ముంత కనిపించింది. ముంతలో గింజలు లేవు, చుట్టూ జొన్న పొట్టు ఉంది. ఓబులేసు ముంత పట్టుకొని పైకొచ్చేసరికి తిరుపతమ్మ మొగం పాలిపోయింది.

"నేనే పెడితి" అంది. "ఉగాది నాడు పెడితి. పాతర ఒట్టిగా ఉంటే ఇంటికి మంచిది గాదని మా అమ్మ చెప్తాండె. పిడికెడు గింజలన్నా ఉండల్ల. నీకు చెప్తే నగుతావని చెప్పల్యా."

ఆ ఇంట్లో గింజ గింజకూ లెక్క ఉన్న కాలంలో పిడికెడు తీసి పాతరకు పెట్టింది ఆమె. ఆ గింజల వాసనకు ఎలుకలు వచ్చాయి. గింజలు ఎంతసేపు? అయిపోయాక పలకల మీది జిలటిన్ రుచి చూశాయి. అది పశువుల ఎముకల్లోంచి తీసే పదార్థం, ఎలుకలకు పాయసం. ఓబులేసు రెండు నెలల కష్టం వాటి ఒక పూట భోజనం.

అతనికి కోపం వచ్చిన మాట నిజం. ముంత నేలకేసి కొడదామన్నంత వచ్చింది. తిరుపతమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడుస్తూ వాకిట్లో కూలబడింది. ఆ పూట ఆమె పొయ్యి వెలిగించలేదు. ఓబులేసు చివరికి పోయి ఆమె పక్కనే నేల మీద కూర్చొన్నాడు.

"మన ఎలుకలు గూడా సదువుకొన్నాయి వదినా" అన్నాడు. "గీతలన్నీ మింగినాయి. లే, ఆకలైతాంది. నువ్వు తినకుంటే నేనూ తిన్ను."

ఆమె ఏడుస్తూనే నవ్వింది. ఆ నవ్వుతో అతని కోపం పోయింది. పలకలు పోయిన సంగతి మాత్రం పోలేదు.

మళ్ళీ మొదలు. నాగలక్ష్మమ్మ కర్నూలు పోయి కాలేజీ అలమారాలో మిగిలిన పలకల పెట్టె తెచ్చింది. జాగ్రత్తగా వాడితే సరిపోతాయి. సరిపోనిది కాలమే. ముంగారి వానలకు, అంటే తొలకరికి, వేళయింది. ఒక్క గట్టి వాన పడితే పాతర గోడలు చెమరుస్తాయి, వెండిపూత మీద ఆవిరి కమ్ముతుంది, పని ఆ ఏటికి అంతే. వాన బాగా పడితే పంట పండుతుంది, వచ్చే వేసవికి పాతర నిండా జొన్నలుంటాయి. అంటే ఇక ఆ పాతర అతనికి దొరకదు. దొరకాలని కోరుకోవడం ఎంత పాపం! అందుకని ఉన్నవి ఈ కొద్ది రోజులే. ఈ రోజుల్లో పలకలు తీయగలిగితే ఆ రెండో గీత లోకానికి తెలుస్తుంది, లేదా ఇంకెవరో ఇంకెక్కడో చల్లని గదిలో కూర్చొని తీస్తారు.

ఓబులేసు పొద్దున దిగితే పొద్దుగూకి ఎక్కేవాడు. అట్లా దిగుతున్న రోజుల్లోనే పడమట మబ్బు కమ్మి మోడం లేచింది.

ఎన్నాళ్ళకో పట్టిన నల్ల మోడం. ఊరు ఊరంతా వీధిలోకొచ్చి నిలబడింది. ముసలివాళ్ళు గాలిని వాసన చూశారు. నరసింహ నాగలికి కర్రు బిగించి, దాచుకొన్న విత్తనాల గంప తీసి ఎండబెట్టాడు. మూడేళ్ళ గంజి ముగియబోతోందని అందరి మొగాలూ వెలిగాయి. నిచ్చెన పట్టుకొని నిలబడిన ఓబులేసు ఆ మోడం చూసి, "ఇప్పుడే వద్దు" అనుకొన్నాడు.

అనుకొన్న వెంటనే సిగ్గుతో చచ్చిపోయాడు. ఏ నోటితో ఈ ఇంటి కూడు తిన్నాడో ఆ నోటితోనే వాన వద్దన్నాడు. పాతరలోకి దిగి చీకట్లో కూర్చొన్నా ఆ మాట వదల్లేదు. మరుసటి రోజూ అదే మాట వచ్చింది, ఆ మరుసటి రోజూ వచ్చింది. పైకొచ్చినప్పుడు అన్న మొగం చూడలేక తల దించుకొని పోయేవాడు.

డోన్‌లో వాన పడింది. బేతంచెర్లలో వంక పారిందని ఉరుకుందు వచ్చి చెప్పాడు. కొండ్రాయిపల్లె మీద మాత్రం మోడం వచ్చి, నిలబడి, పక్కకు జరిగి పోయేది. "మన ఊరు ఏం పాపం చేసిందో" అని హనుమన్న నెత్తి బాదుకొన్నాడు. ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, పాటలు పాడుతూ కప్పతల్లిని వీధి వీధీ తిప్పారు. ఇంటింటా కప్ప మీద నీళ్ళు పోశారు. కప్పతల్లి నరసింహ ఇంటి వాకిట్లోకి వచ్చినప్పుడు ఓబులేసు పాతరలో ఉన్నాడు. పైన పాట, నీళ్ళు పోసిన చప్పుడు, తన ఎదురుగా పలక మీద మెల్లమెల్లగా పడుతున్న ఊదా వెలుగు. పాట దూరమయ్యేదాకా అతను చెవులు మూసుకొన్నాడు.

కొద్ది రోజులకు చివరి పలక తీశాడు. కడిగి ఆరబెట్టి, ఈసారి దాని పక్కనే కాపలా కూర్చొన్నాడు. ఆరినాక పైకి తెచ్చి భూతద్దంతో చూశాడు. సందు ఎంత మార్చినా చీలిక చెక్కు చెదరలేదు. రెండు గీతలు, ఒకటి లావు, ఒకటి సన్నం. అన్నదమ్ములు. పరికరాన్ని అందరూ కలిసి పైకి లాగి, పెట్టెల్లో సర్ది, ఇంట్లో పెట్టారో లేదో పడమటి గాలి తిరిగింది. చినుకు చినుకుగా మొదలై కుండపోతగా కురిసింది. ఓబులేసు వీధిలో నిలబడి ముద్దగా తడిశాడు. అంత హాయిగా అతను ఎన్నడూ తడవలేదు.

ఆ పైన జరిగిందంతా మంచే. ఆలస్యంగా పడినా వాన నిలిచి కురిసింది. ముంగారి పంటా పండింది, తర్వాత వేసిన జొన్నా పండింది. శివరాత్రికి ఊరికొచ్చిన ఓబులేసు పంచె ఎగగట్టి, గంపలతో జొన్నలు తనే మోసి పాతరలో పోశాడు. తన బండ మీద జొన్నలు జారుతుంటే చూసి మనసు నిండిపోయింది. ఆ ఎండాకాలానికే అతని వ్యాసం అచ్చయింది. పట్టికల్లో ఆ ఊదా గీత పక్కన ఇంకొక గీత చేరింది.

కర్నూలు రాజధాని అయిన ఆ రోజుల్లో ఊరంతా డేరాలు, జీపులు, మంత్రులు. అంత హడావిడిలోనూ కాలేజీ వాళ్ళు వెనక దొడ్డిలో ఓబులేసుకు భూమిలో ఒక గది తవ్వించారు. దానికి విద్యార్థులు పెట్టిన పేరు పాతరే. అందులో అతను ఇంకా కొన్ని లోహాల గీతలు చీల్చాడు. యాభై ఆరులో మద్రాసులో పతకం ఇచ్చారు. ఢిల్లీ నుంచి పెద్ద ప్రయోగశాల వాళ్ళు రమ్మన్నారు. చల్లని గది ఇస్తామన్నారు. "నాకు ఈడ ఉండాది" అని చెప్పి పంపాడు. నాగలక్ష్మమ్మ ఒక్క రోజు అలిగి, మరుసటి రోజు మానేసింది.

యాభై ఏడు వేసవిలో కొండ్రాయిపల్లె వాళ్ళు సన్మానం పెట్టారు. హనుమన్న ఓబులేసు మెళ్ళో దండ వేసి, లంకెబిందెల మాట తను అన్నదే నిజమైందని, బంగారం దొరికింది కదా అని సభలో అన్నాడు. అందరూ నవ్వారు. ఓబులేసు పరమాణువు గురించి నాలుగు మాటలు చెప్పాడు. జనం వినలేదు గానీ చప్పట్లు బాగా కొట్టారు.

పొద్దు వాలే వేళ అన్నదమ్ములిద్దరూ నడుచుకొంటూ చేని వైపు పోయి గట్టు మీద కూర్చొన్నారు. పడమట సన్నగా మోడం ఉంది. నాలుగేళ్ళుగా దాచుకొన్న మాటను ఓబులేసు ఎత్తాడు.

"న్నా, ఆ ఏడు మోడం పట్టినప్పుడు..."

"వాన రాగూడదని మొక్కినావు" అన్నాడు నరసింహ.

ఓబులేసు ఉలిక్కిపడ్డాడు. "నీకెట్ల తెలుసు?"

"పాతర్లోంచి పైకొచ్చి నేల దిక్కు చూస్తాంటివి. సేద్యగాని ఇంట్లో పుట్టినోడు మోడం పడితే పైకి చూడకుండా నేల దిక్కు చూస్తాడా?"

"నీకు కోపం రాల్యాదా?"

నరసింహ మట్టిబెడ్డ ఒకటి తీసి చేతిలో నలిపాడు.

"యా మొగం పెట్టుకొని కోపం చేసుకుందు?" అన్నాడు. "నువ్వు నీ పని కోసరం మొక్కినావు, దాంట్లో తప్పేముండాది. నేను సేద్యగాన్ని. ఇత్తనాల గంప ఎదురుగా పెట్టుకొని, ఈ గట్టు మీదనే కూర్చొని, మా వాని పని అయ్యేదాక రోంత ఆగు సామీ అని నేనూ మొక్కితి. దినామూ మొక్కితి."

ఓబులేసు అన్న చేతిని రెండు చేతులతో పట్టుకొని, దాని మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నరసింహ కాసేపు ఏడవనిచ్చి, రెండో చేత్తో అతని వీపు తట్టాడు.

"ఊరుకో. మీ వదినకు మాత్రం చెప్పొద్దు" అన్నాడు. "ఆ పొద్దు కప్పతల్లికి ఇంట్లో ఉండే నీళ్ళన్నీ పోసింది ఆమె."